మద్రాసు మీదుగా కలకత్తాకు

ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు ఒక గుడి కట్టుకున్నారు. అందులో నిలబెట్టే అమ్మవారి విగ్రహాన్ని చెక్కింది ఆళ్లగడ్డ మద్దిలేటి. నాలుగడుగుల నల్లరాయి, ఐదు నెలల పని. విగ్రహం పోయిన వారమే లారీలో వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు దాని వైభోగం చూడాలి! అడుగున మోకాటిలోతు వరిగడ్డి, చుట్టూ పాత పరుపులు, ముక్కుకు వేరే, వేళ్లకు వేరే దూది చుట్టలు, పైన చెక్కపెట్టె. మూడు లక్షలకు ఇన్సూరెన్స్. డ్రైవరు కాక గుడి కమిటీ తరఫున తోడు ఇద్దరు మనుషులు. గతుకుల్లో మెల్లగా పోనివ్వమని కమిటీ సెక్రటరీ అజయ్ కుమార్ గంటకోసారి ఫోన్ చేసి చెప్పాడట.

ఇక మద్దిలేటి వెళ్లడమే మిగిలింది. అమ్మవారికి కళ్లు ఇంకా తెరవలేదు. పీఠం మీద నిలిపాక, ప్రతిష్ఠకు ముందురోజు, తెర కట్టి శిల్పి ఒక్కడే లోపల కూర్చుని కనుపాపల గీత తీయాలి. విగ్రహం చేసిన చెయ్యే కళ్లూ తెరవాలని వాళ్ల ఇంటి పద్ధతి. మద్దిలేటి తండ్రి అట్లాగే చేశాడు, ఆయన తండ్రీ అట్లాగే చేశాడు. ప్రతిష్ఠ శుక్రవారం. అంటే గురువారం మధ్యాహ్నానికల్లా మద్దిలేటి ఖరగ్‌పూర్‌లో ఉండాలి.

దారి ఖర్చు కమిటీదే అని మొదటిరోజే మాటైంది. "ఏ విమానమో చూసి చెప్పండి, డబ్బు కట్టేస్తాం," అన్నాడు అజయ్ కుమార్. చూసి చెప్పడానికి మద్దిలేటి ఎక్కడికో పోనక్కర్లేదు. కూతురు గీతాంజలికి అదే పని. నంద్యాల సంజీవనగర్‌లో ఆమెకు ఒక ఆన్‌లైన్ సెంటర్ ఉంది. రైలు, బస్సు, విమానం టికెట్లు, పరీక్షల దరఖాస్తులు, పాస్‌పోర్టు ఫారాలు. గల్ఫుకు పోయేవాళ్లు గోస్పాడు నుంచీ ఉయ్యాలవాడ నుంచీ వెతుక్కుంటూ వస్తారు, ఆమె టికెట్ తీస్తే దారిలో ఇబ్బంది ఉండదని.

మద్దిలేటి అప్పుడు నంద్యాలలోనే ఒక కల్యాణమండపానికి రాతి స్తంభాలు నిలబెట్టే పనిలో ఉన్నాడు. మధ్యాహ్నం భోజనం టైముకు సెంటర్‌కు వచ్చి కూతురి పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"ముందు రైలు చూడు పాపా," అన్నాడు.

"చూసినా నాయనా. వెయిటింగ్ లిస్టు తొంభై దాటింది. ఓర్వకల్లు నుంచి విమానం సూస్తే మనకు కుదిరేది ఒక్కటీ లేదు. హైదరాబాద్ నుంచే పోవాల."

ఆమె ఒకదాని పక్కన ఒకటి మూడు వెబ్‌సైట్లు తెరిచింది. మూడింట్లోనూ పైన లావు అక్షరాల్లో ఒకటే అంకె. ఐదువేల రెండు వందల యాభై. మద్దిలేటి ముఖం విప్పారింది.

"చవకే గదా!"

"పైన కనపడేదాన్ని నమ్మొద్దు నాయనా. అది మనల్ని లోపలికి పిలిసేదానికి పెట్టిన అంకె. లోపలికి పోతే ఏముందో సూడు."

ఆమె ఒక్కొక్కటే నొక్కి చూపించింది. ఐదువేల రెండు వందల యాభైది తిన్నగా పోదు. హైదరాబాద్ నుంచి మద్రాసు, రాత్రంతా మద్రాసులోనే, పొద్దున్నే అక్కడినుంచి కలకత్తా. చేతిసంచి తప్ప సామాను లేదు. తిన్నగా పోయేది ఇంకో సైటులో ఆరువేల తొమ్మిది వందల ఎనభై అని చూపించి, డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి ఏడువేల ఆరు వందల నలభై అయింది. మధ్యలో వాళ్లే ఏదో ఇన్సూరెన్స్‌కు టిక్కు పెట్టేశారు, అది తీసేయాలి. కన్వీనియెన్స్ ఫీజు అని ఇంకొకటి. అవన్నీ చూసి గీతాంజలి ఆ విమానం కంపెనీ సొంత సైటుకే వెళ్లింది. అదే విమానం, అదే సీటు, పదిహేను కేజీల సామానుతో సహా ఏడువేల నాలుగు వందలు.

"ఇది తీసుకోవాల. రెండుంబావు గంటల్లో కలకత్తాలో దిగుతావు. నీ ఉలుల సంచి సామానులో పోతుంది. ఇంకా నాలుగు దినాలు ఆగితే ఇది పదివేలు దాటుతుంది," అంది గీతాంజలి. స్క్రీన్ ఫొటో తీసి అజయ్ కుమార్‌కు పంపింది.

ఐదు నిమిషాల్లో ఆయన ఫోన్ వచ్చింది. గీతాంజలి స్పీకర్ ఆన్ చేసింది.

"అమ్మా, మీరు పంపింది చూశాను. ఏడువేల నాలుగు వందలేంటమ్మా? నాకు ఐదువేల చిల్లరకే కనిపిస్తోంది. విమానం టికెట్లు వెతకడంలో నన్ను మించినవాడు మా ఊళ్లో లేడు, ఎవర్నైనా అడగండి. మీరు శ్రమపడకండి, నేనే తీసేస్తాను."

"సార్, అది మద్రాసు మీదుగా పోతుంది. సామాను లేదు. మా నాయనకు పనిముట్లుంటాయి."

"సామాను నేను యాడ్ చేస్తాలేమ్మా. అదొక్క క్లిక్కు."

"యాడ్ చేస్తే ఏడువేల నాలుగు వందలు దాటుతుంది సార్. నేను లెక్కేసినా."

"అదంతా నేను చూసుకుంటానమ్మా," అని ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రానికి టికెట్ వచ్చింది, రానూపోనూ కలిపి. రెండువైపులా మద్రాసు మీదుగానే. గీతాంజలి దాన్ని చదివి పెదవి కొరుక్కుంది. సామాను గురించి మెసేజ్ పెట్టింది. బదులుగా ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది.

మద్దిలేటి ఆ కాగితం పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆళ్లగడ్డ నుంచి మద్రాసు దక్షిణాన. హైదరాబాద్ ఉత్తరాన. ఉత్తరానికి పోయి, మళ్లీ దక్షిణానికి దిగి, రాత్రంతా అక్కడ కుర్చీలో కూర్చుని, మళ్లీ ఉత్తరానికి పోవాలి.

"వీళ్ల సెక్రటరీ రాయి చూసేదానికి వచ్చినప్పుడు ఎట్ల వచ్చినాడు?" అని అడిగాడు.

"తిన్నగా వచ్చే విమానంలోనే వచ్చినాడు. హైదరాబాద్ నుంచి ఏసీ కారు మాట్లాడుకున్నాడు. తిరుగు టికెట్ టైము మార్చమని నా దగ్గరికే వచ్చినాడు గదా."

మద్దిలేటి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లోపల మాత్రం ఎక్కడో చురుక్కుమంది. ఇంటికి పోయి చెబితే భార్య రామలక్ష్మమ్మ అనేసింది: "రాయికి పరుపులు ఏసినారు. దాన్ని చేసిన మనిషికి కుర్చీ ఏసినారు." మద్దిలేటి ఆ మాటకు నవ్వలేదు. అమ్మవారి పని గదా, ఒక రాత్రి నిద్ర లేకుంటే ఏం పోయిందని సర్ది చెప్పుకున్నాడు.

బుధవారం తెల్లారంగానే ఆళ్లగడ్డలో బస్సెక్కి, ఒంటిగంటకల్లా శంషాబాద్ విమానాశ్రయం చేరాడు. భుజాన బట్టల సంచి, చేతిలో మందపాటి కిత్తాన గుడ్డతో కుట్టించుకున్న పనిముట్ల సంచి. విమానమెక్కడం ఆయనకు కొత్తేమీ కాదు. ఇంతకుముందు రెండుసార్లు విగ్రహాల పనిమీద వెళ్లాడు. ఏ సంచి ఎక్కడ ఇవ్వాలో, ఏది చేతిలో పెట్టుకోవాలో తెలుసు. కౌంటర్‌కు పోయి ఉలుల సంచిని తూకం బెల్టు మీద పెట్టాడు. పదకొండు కేజీల నాలుగు వందల గ్రాములు.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి కంప్యూటర్ చూసి, మళ్లీ ఆయన ముఖం చూసింది. "సార్, మీ టికెట్‌లో చెక్-ఇన్ బ్యాగేజ్ లేదు."

"యాడ్ చేసినారమ్మా. సూడు మళ్లా."

ఆమె చూసింది. ఓపికగా రెండోసారీ చూసింది. "లేదు సార్. ఏడు కేజీల చేతిసంచి ఒక్కటే ఉంది. ఇది పంపాలంటే ఇప్పుడు కేజీకి ఆరు వందలు కట్టాలి. ఆరువేల ఎనిమిది వందల నలభై అవుతుంది."

మద్దిలేటి జేబులో రెండువేల చిల్లర ఉంది. వెనక వరుసలో జనం అసహనంగా కదులుతున్నారు. ఆయన పక్కకు జరిగి అజయ్ కుమార్‌కు ఫోన్ చేశాడు. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తాడు. వెనక మేళాల చప్పుడు.

"అయ్యో, అది మరిచిపోయానండీ! పందిళ్లు, వంటవాళ్లు, నా తల తినేస్తున్నారు. ఎంతంటున్నారు? ఆరువేల ఎనిమిది వందలా? టికెట్టే ఐదువేలైతే సంచికి ఆరువేలా? వద్దు వద్దు, కట్టకండి. ఆ సంచి అక్కడే ఎవరికైనా తెలిసినవాళ్లకు ఇచ్చేసి మీరు వచ్చేయండి."

"సంచి ఇచ్చేసి నేనేం చేసేదానికి రావాలప్పా?"

"ఉలులు ఇక్కడ దొరకవాండీ? ఇది రైల్వే వర్క్‌షాపు ఊరు. ఇనుముకు కరువా ఏంటి? రేపు పొద్దున్నే మనిషిని పంపి డజను ఉలులు తెప్పిస్తాను. విద్య మీ చేతిలో ఉంది గానీ ఉలిలో ఏముందండీ!"

ఆ మాట పొగడ్తలాగే ఉంది.  మద్దిలేటి ఫోన్ పెట్టేసి అక్కడే, మెరుస్తున్న ఆ నేలమీద గొంతుక్కూర్చుని సంచి జిప్పు లాగాడు. నిజం చెప్పాలంటే ఆయన ఆ క్షణంలో లొంగిపోయాడు. ముహూర్తం ఉంది, ఐదు నెలల పని ఉంది, అమ్మవారు కళ్లు మూసుకుని నిలబడి ఉంది. పెద్ద సుత్తి, బద్ద ఉలులు వదిలేద్దాం, కళ్లకు కావలసిన సన్న ఉలులు మూడూ చిన్నవే గదా, జేబులో వేసుకుందాం అనుకుని ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టసాగాడు. పోయే వచ్చే జనం సూట్‌కేసులు ఆపి చూస్తున్నారు. ఒకాయన ఫోన్ పైకెత్తి ఫొటో కూడా తీశాడు. కౌంటర్ అమ్మాయి లేచి వచ్చి, "సార్, చిన్నవైనా సరే సెక్యూరిటీలో ఆపేస్తారు. తీసి డబ్బాలో పడేస్తారు," అంది. ఆమె గొంతులో నిజంగానే బాధ ఉంది.

డబ్బాలో. ఆ మూడు ఉలులూ మద్దిలేటి తండ్రి కొలిమిలో కాల్చి సాగదీసినవి. అరిగిపోయి వేలెడు పొడుగే మిగిలాయి. ఏ కంటికి ఏది వాడాలో, ఏ రాయి మీద దేన్ని ఎంత వాలుగా పట్టాలో ఆయన వేళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. వాటిని ఎవరో డబ్బాలో పడేస్తారు. అదీ ఎందుకు? ఒక పెద్దమనిషి ఒక అంకె తక్కువ చూపించుకోవడానికి.

అప్పుడు మండింది ఆయన ఒళ్లు. కాళ్ల నుంచి తల దాకా ఒక్కసారిగా. అజయ్ కుమార్ మీద కంటే ముందు తన మీదే మండింది. పదిమందిలో నేలమీద కూర్చుని తన ఉలులను తనే ఏరి పారేయబోయినందుకు. తీసినవన్నీ మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు, దేని అరలో దాన్ని. జిప్పు వేశాడు. ఆ అమ్మాయికి దండం పెట్టి, "నీ తప్పేం లేదు తల్లీ," అని చెప్పి బయటికి వచ్చేశాడు.

బయట బస్సులు ఆగే చోట బల్ల మీద కూర్చుని గీతాంజలికి ఫోన్ చేశాడు. జరిగింది చెప్పి, "నేను వెనక్కి వస్తాండా పాపా. కర్నూలు బస్సు ఇంకో అరగంటలో ఉంది," అన్నాడు.

 ఆమె అయ్యో అనలేదు, ముహూర్తం ఏమైపోతుంది అని అడగలేదు. "రా నాయనా," అంది. "నేను రెండుసార్లు చెప్పినా ఆయనకు. బొటనవేలు చూపించినాడు. నా సెంటర్‌కు వచ్చే కూలిమనిషి కూడా నా మాట ఇంటాడు. ఈయనకు నేను పల్లెటూరి పిల్లనైపోయినా. రా, బస్సెక్కు."

కానీ ఫోన్ పెట్టేశాక ఆమె చేతులు కట్టుకుని కూర్చోలేదు. కమిటీలో వాణి అనే పెద్దామె ఉంది, రైల్వే స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైంది. రాయి ఎంచుకునేటప్పుడు ఆళ్లగడ్డకు వచ్చి రెండురోజులు పని చూసి వెళ్లింది. ఆమె నంబరు గీతాంజలి దగ్గర ఉంది. "అమ్మా, బతిమాలేదానికి చేయలేదు. మా నాయన విమానం ఎక్కలేదు, వెనక్కి వస్తాండాడు. ఎందుకో మీకు తెలియాల," అని మొత్తం చెప్పింది.

పావుగంటలో మద్దిలేటి ఫోన్ మోగింది.

"శిల్పిగారూ, నేను వాణిని. మీ అమ్మాయి చెప్పింది. రెండువేలు మిగిల్చానని అజయ్ మా గ్రూపులో పెడితే అందరం శభాష్ అన్నాం. నేనూ అన్నాను. ఏ టికెట్ తీశావని నేను అడగలేదు. తప్పు నాది కూడా."

మద్దిలేటి గొంతు తగ్గించలేదు. "అమ్మా, మీరు పెద్దోళ్లు, మీకు చెప్తాండా. రాయికి మూడు లక్షల ఇన్సూరెన్స్ కట్టినారు, సంతోషం. నన్ను రాత్రంతా మద్రాసులో కూర్చోమన్నారు, సరే అన్నా. ఉలులు పారేసి రమ్మంటాండారు. ఉలులు లేని చెయ్యి మీకెందుకమ్మా? దానికి విమానమెందుకు? మీ ఊళ్లోనే ఎవరినో ఒకరిని కూర్చోబెట్టి గీయించుకోండి!"

"మీరు రాకపోతే ప్రతిష్ఠ లేదు," అంది వాణి. "ఏం చేయమంటారో చెప్పండి."

"నా బిడ్డ టికెట్ తీస్తాది. తిన్నగా పోయేది, పదిహేను కేజీలది. ఎంతైతే అంత మీరు కట్టాల. కుదరకుంటే బస్సు వచ్చింది, నేనెక్కుతా."

"కడతాం. మీ అమ్మాయిని నాకే నేరుగా పంపమనండి."

నంద్యాలలో గీతాంజలి మళ్లీ వెతికింది. నాలుగైదు రోజుల కిందట ఏడువేల నాలుగు వందలున్న విమానం ఇప్పుడు పదహారువేల ఎనిమిది వందల యాభై. ఆ అంకె చూసి ఆమెకు కడుపు మండింది. తన డబ్బు కాకపోయినా మండింది. లింకు పంపింది. కమిటీ దగ్గర తర్వాత తీసుకోవచ్చని వాణి తన సొంత కార్డుతో కట్టేసింది. ఆరుగంటలకు మద్దిలేటి మళ్లీ కౌంటర్ ముందు నిలబడ్డాడు. పదకొండు కేజీల నాలుగు వందల గ్రాములు. ఈసారి సంచికి చీటీ అంటించి, బెల్టు మీద మర్యాదగా లోపలికి పంపారు.

ఆ రాత్రి కలకత్తాలో వాణి చెల్లెలి ఇంట్లో పడుకుని, పొద్దున్నే లోకల్ రైలెక్కి ఖరగ్‌పూర్‌లో దిగాడు. స్టేషన్‌కు అజయ్ కుమార్ రాలేదు. వాణే వచ్చింది.

గుడిలో తెర కట్టారు. లోపల అమ్మవారు, మద్దిలేటి. బయట జనం గుసగుసలు. ఉలులు తీసి సానరాయి మీద పదును పెట్టుకున్నాడు.  కానీ విమానాశ్రయంలో నేలమీద గొంతుక్కూర్చున్నది కళ్ల ముందు తిరుగుతూనే ఉంది. కోపంతో రాయి ముట్టరాదు, అందులోనూ కళ్లు. ఉలి కింద పెట్టి, అమ్మవారి పాదాల దగ్గర గోడకానుకుని కూర్చున్నాడు. ఒక గంట. బయటినుంచి ఎవరో, "ఇంకా ఎంతసేపండీ?" అంటే, "తొందరైతే మీరే రాండి," అన్నాడు. మళ్లీ ఎవరూ అడగలేదు. కోపం కాస్త దిగాక లేచాడు. వేలెడు ఉలి అందుకుని కుడికన్ను, తర్వాత ఎడమకన్ను. చిన్న చిన్న దెబ్బలు, ఊపిరి బిగబట్టి. పొడి ఊదేసి ఒకడుగు వెనక్కి జరిగి చూసుకున్నాడు. అమ్మవారు చూస్తోంది. ఆ పూటకు ఆయన అన్నీ మరిచిపోయాడు.

శుక్రవారం ప్రతిష్ఠ బాగా జరిగింది. వేలమంది వచ్చారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అజయ్ కుమార్ విస్తరి పట్టుకుని వచ్చి మద్దిలేటి పక్కనే కూర్చున్నాడు. మనిషి బొద్దుగా, పట్టుపంచెలో, ఏమీ జరగనట్టే ఉన్నాడు.

"ఎంత పని చేశారండీ, కళ్లు అద్భుతం. కాకపోతే మీ పట్టుదల వల్ల కమిటీకి పదహారువేల చేతిచమురు వదిలింది. నా టికెట్ ఐదువేల పైచిలుకూ పోయింది," అని నవ్వాడు.

మద్దిలేటి ముద్ద కింద పెట్టాడు. చుట్టూ పదిమంది ఉన్నారు, అయినా గొంతు తగ్గించలేదు. "నా పట్టుదల వల్లనా? ఏమప్పా, సామాను యాడ్ చేస్తానంది ఎవరు? బొటనవేలు పంపింది ఎవరు? నా బిడ్డ ఏడువేల నాలుగు వందలకు వెతికి నీ చేతిలో పెట్టింది. అదే ఆమె పని, దానితోనే బతుకుతాంది. ఆమెకంటే నీకు బాగా తెలుసన్నావు. నీకు తెలిసిందేందంటే పైనున్న అంకె. కింద ఏముందో సూడలేదు. నువ్వు వచ్చేటప్పుడు మద్రాసు మీదుగా వచ్చినావా? నీ సంచి ఎవరికన్నా ఇచ్చేసి వచ్చినావా? నీ ఉలులు పారేయమంటే తెలిసేది నీకు."

అజయ్ కుమార్ ముఖంలో నవ్వు ఎండిపోయింది. "నేను నా ఇంటికి మిగుల్చుకోలేదండీ. గుడి డబ్బు. రూపాయి రూపాయి చందా," అన్నాడు.

ఆ మాట అబద్ధం కాదని మద్దిలేటికి తెలుసు. ఆయనేమీ దొంగ కాదు. అది తెలిసేసరికి కోపం ఇంకా పెరిగింది. "గుడి డబ్బే మిగుల్చు. వద్దన్నదెవరు? మనిషి దగ్గర కోసి మిగల్చొద్దు," అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

సాయంత్రం తిరుగు ప్రయాణం సంగతి వచ్చింది. అజయ్ కుమార్ శనివారం టికెట్ కాగితం ఇప్పించాడు, మద్రాసు మీదుగా. మద్దిలేటి దాన్ని ఫొటో తీసి గీతాంజలికి పంపాడు. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"నాయనా, ఆ టికెట్ లేదు. రానూపోనూ ఒకే బుకింగ్. పోయేటప్పుడు ఎక్కలేదని వచ్చేది వాళ్లే రద్దు చేసినారు. షరతుల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది."

అజయ్ కుమార్ నమ్మలేదు. తన ఫోన్‌లో తెరిచి చూశాడు. కస్టమర్ కేర్‌కు చేశాడు. అరగంట పాటలు విన్నాక ఎవరో ఎత్తి అదే చెప్పారు. వాపసు వచ్చేది పన్నుల కింద మూడు వందల పన్నెండు రూపాయలు. "ఇదేం అన్యాయం! డబ్బు కట్టాం కదా, సీటు ఖాళీగానే పోతుంది కదా!" అని అరిచాడు. అందులో అన్యాయముందనే మద్దిలేటికీ అనిపించింది. 

వాణి తన పాత రైల్వే పరిచయంతో గోవా పోయే రైల్లో కింది బెర్తు ఇప్పించింది. ఆ రైలు నంద్యాల మీదుగానే పోతుంది. మద్దిలేటి పనిముట్ల సంచి బెర్తు కిందికి తోసి, కాళ్లు చాపుకుని పడుకున్నాడు. వాణి అరటిపండ్లు, పులిహోర పొట్లం కట్టిచ్చింది. రైలు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చి, "మీరు తిట్టింది మాకు మంచిదే అయింది," అంది. మద్దిలేటి దండం పెట్టాడు.

నెల తిరక్కముందే అజయ్ కుమార్ నుంచి ఫోన్ వచ్చింది. మద్దిలేటి ఆళ్లగడ్డ షెడ్డులో ఒక నంది మూపురం నునుపు చేస్తున్నాడు. గుడి ముందు నిలబెట్టడానికి ఇద్దరు ద్వారపాలకులు కావాలట. జనం మద్దిలేటి చేతిపనే కావాలంటున్నారట. ఆయన గొంతు ముందులా లేదు, కాస్త తగ్గింది.

"చేస్తా," అన్నాడు మద్దిలేటి. "రాతి ధర, కూలి కాగితం మీద రాసి పంపుతా. నిలబెట్టేదానికి నేనొకడిని, నాతో ఇంకో పనోడు వస్తాం. ఇద్దరికీ తిన్నగా పోయే టికెట్లు, తలకు పదిహేను కేజీలు. టికెట్లు నా బిడ్డ తీస్తాది. ఆమె చార్జి ఆమెకు ఇయ్యాల."

 "కమిటీలో మాట్లాడి చెబుతానండీ," అన్నాడు అజయ్ కుమార్.

"మాట్లాడుకోండి. నాకేం తొందర లేదు," అని మద్దిలేటి ఫోన్ పక్కన పెట్టి ఉలి అందుకున్నాడు.

మూడోరోజు పొద్దున గీతాంజలి ఫోన్ చేసింది. కమిటీ ఒప్పుకుందట. ఆమె చార్జి కూడా ముందే పంపారట, అజయ్ కుమార్ ఖాతా నుంచే. మద్దిలేటి విన్నాడు. "సరే," అన్నాడు. కోపం పూర్తిగా పోలేదు. పోవాలని కూడా ఆయన అనుకోలేదు.